చూసినవా? ఇన్నవా? అనుకున్నవా?

గోదావరిఖని నుంచి ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. మైనింగ్ డిప్లొమా పూర్తిచేసి ఈమధ్యే ఓ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ‘గనిలోకి దిగేటప్పుడు హెల్మెట్ పెట్టుకోవడం అవసరమా?’ అని అడిగారట. మనవాడు ఠక్కున ‘అబ్వియస్లీ సర్’ అన్నాడట. అంతే, అడిగిన పెద్దాయన మొహం మాడిపోయిందట!

‘ఉత్త ఎస్ అనేకంటే కాస్త గట్టిగా చెబుదామనుకున్నా. అందులో తప్పేముంది? క్లియర్లీ, అబ్వియస్లీ, సర్టెన్లీ, డెఫినిట్లీ... ఏది వెతికినా డిక్షనరీలో స్పష్టంగా, కచ్చితంగా, నిశ్చయంగా అనే ఉంది. మరి ఏది ఎక్కడ వాడాలి?’ ఇదీ ఆ తమ్ముడి ప్రశ్న.

మంచి ప్రశ్న. జవాబు చెప్పేముందు ఒక్కసారి పై మొదటి పేరా మళ్లీ చూడండి. అడిగారట, అన్నాడట, మాడిపోయిందట... మూడుసార్లు ‘అట’ అన్నాను. ఎందుకు? ఆ గదిలో నేను లేను కాబట్టి. ఉత్తరంలో చదివిందే మీకు చెబుతున్నా కాబట్టి. ఆ ఒక్క ‘అట’తో ‘ఇది నేను చూసింది కాదు, విన్నది’ అని మీకు ముందే చెప్పేశాను. మీరూ అలాగే అర్థం చేసుకున్నారు. ఎవరూ నేర్పకుండానే!

ఇంగ్లిష్‌లోని ఈ మాటల గుట్టంతా అక్కడే ఉంది. ఇవన్నీ ‘గట్టిగా చెప్పే’ మాటలు కావు. ‘నాకెలా తెలిసింది’ అని చెప్పే మాటలు.

నాన్న మూడు ప్రశ్నలు

మా నాన్న సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేసి రిటైరయ్యారు. మేం పెరిగింది ఎయిట్ ఇంక్లైన్ కాలనీ క్వార్టర్‌లో. చిన్నప్పుడు మేం ఏ కబురు మోసుకొచ్చినా ఆయన మూడే ప్రశ్నలు అడిగేవారు. ‘చూసినవా? ఇన్నవా? అనుకున్నవా?’ పక్క లైన్లో దొంగలు పడ్డారన్నా అంతే, లెక్కల మాస్టారు సెలవు పెట్టారన్నా అంతే. చూశానంటే వినేవారు. విన్నానంటే ‘ఎవలు జెప్పిండ్రు?’ అనేవారు. అనుకున్నానంటే నవ్వేసి పేపర్ చదువుకునేవారు.

అది ఆయనకు బాయి నేర్పిన అలవాటు. బాయి అంటే మా దగ్గర గని. అందరూ పనిలోకి దిగకముందే సర్దార్ పనిచోటు చూసి రావాలి. కప్పును కర్రతో తట్టాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. పైన పొర విడిచిందంటే కుండమీద కొట్టినట్టు బోలుగా మోగుతుంది. గ్యాస్ ఉందేమో పరీక్షించాలి. ఆ చూసిందంతా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ‘కప్పు బాగున్నది’ అని రాశారంటే దాన్ని నమ్మి దాని కిందికి మనుషులు వెళతారు. ‘నిన్న బాగనే ఉండె, ఇయ్యాల గూడ ఉండొచ్చు’ అనుకుని రాసే పుస్తకం కాదది.

ఈ మూడు ప్రశ్నలను దగ్గర పెట్టుకుంటే చాలు, మన తమ్ముడి చిక్కుముడి సగం విడిపోతుంది.

కంటి ముందున్నవి

మొదట క్లియర్లీ. చెప్పే విషయానికి అడ్డేమీ లేదు, ఎవరు చూసినా కనిపిస్తుంది అన్నప్పుడు ఇది వాడతాం. తెలుగులో ‘స్పష్టంగా’, మా వైపు ‘సాఫ్‌సీదా’. కాకపోతే ఈ మాట కూర్చునే చోటు మారితే అర్థమే మారిపోతుంది. ‘హి డిడ్ నాట్ స్పీక్ క్లియర్లీ’ అంటే ఆయన మాట్లాడాడుగానీ మాట స్పష్టంగా లేదని. అదే ‘క్లియర్లీ, హి డిడ్ నాట్ స్పీక్’ అంటే ఆయన అసలు నోరే విప్పలేదు, అది తెలిసిపోతూనే ఉందని. మొదటిదాంట్లో స్పష్టత ఆయన గొంతుకు సంబంధించింది. రెండోదాంట్లో మన అభిప్రాయానికి సంబంధించింది.

ఇక అబ్వియస్లీ. దీని మూలం లాటిన్‌లో ఉంది. ‘దారిలో ఎదురుగా ఉన్నది’ అని అర్థం. నడిరోడ్డు మీద బండరాయి ఉంటే కనిపించకుండా ఉంటుందా? అందుకే ఈ మాటలో ‘అది వేరే చెప్పాలా, నీకు కనిపించడం లేదా?’ అన్న ధ్వని ఉంటుంది. స్నేహితుల మధ్య ఫర్వాలేదు. పెద్దలు అడిగినప్పుడు అబ్వియస్లీ అంటే ‘ఇదీ ఒక ప్రశ్నేనా’ అన్నట్టు ఉంటుంది. మన తమ్ముడి దగ్గర జరిగింది ఇదే! ‘ఆఫ్ కోర్స్’తోనూ ఇదే పేచీ. సాయం అడిగితే ‘ఆఫ్ కోర్స్’ అనడం మర్యాదే. ఎదుటివాళ్లు సమాచారం అడిగినప్పుడు అంటే మాత్రం చురుక్కుమంటుంది. ఆ ఇంటర్వ్యూలో ‘ఎస్ సర్, సర్టెన్లీ’ అని ఉంటే సరిపోయేది.

ఆనవాళ్లు చెప్పేవి

కంటికి నేరుగా కనిపించదు. కానీ గుర్తులున్నాయి. వాటిని బట్టి చెబుతున్నాం. అప్పుడు ఎవిడెంట్లీ. లాటిన్‌లో ‘చూడటం’ అనే మాట నుంచి వచ్చింది. సాక్ష్యం అనే అర్థమున్న ఎవిడెన్స్ దీని తోడబుట్టిందే. నాన్న కర్రతో తట్టినప్పుడు కప్పు పైనున్న పగులు ఆయనకు కనిపించదు. బోలుగా మోగిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ‘పైన పొర విడిచింది’ అని ఆయన చెప్పే మాటకు ఇంగ్లిష్‌లో ఎవిడెంట్లీ సరిగ్గా సరిపోతుంది. ‘ఏం చూసి చెప్పావ్?’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలన్నమాట.

ఏ గుర్తూ చేతిలో లేకుండా, మామూలుగా జరిగేదాన్ని బట్టి ఊహిస్తే అది ప్రిజ్యూమబ్లీ. ‘ముందే తీసేసుకోవడం’ అని దాని మూలార్థం. రుజువు రాకముందే ఒక నిర్ణయం తీసేసుకున్నాం అని. మన తెలుగులో దీనికి చక్కటి మాటలున్నాయి... కాబోలు, ఉండొచ్చు, అయ్యుంటుంది. ‘ఫోన్ ఎత్తడం లేదు, డ్యూటీలో ఉన్నాడు కాబోలు’ అంటామే, అది!

చిన్న మాటేం కాదిది. ఏడేళ్ల పాటు ఒక మనిషి గురించి, సహజంగా వినాల్సిన అయినవాళ్లకు ఏ కబురూ తెలియకపోతే చట్టం ఆ మనిషి చనిపోయినట్టు ప్రిజ్యూమ్ చేస్తుంది. బతికే ఉన్నాడని అనేవాళ్లే అప్పుడు రుజువు చూపాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఉంది. చనిపోయాడని తెలియడం వేరు, చనిపోయినట్టు భావించడం వేరు. చట్టానికి ఆ తేడా తెలుసు.

నన్ను ముంచిన మాట

ఇక అపరెంట్లీ. దీని గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

జర్నలిజం డిప్లొమా చేసి కొత్తగా ఓ పత్రికలో చేరిన రోజులు. రాత్రి డెస్కు. ఇంగ్లిష్‌లో చిన్న వార్త వచ్చింది. బొగ్గు ప్రాంతంలో ఒక పనిచోట ఎత్తు మీంచి పడి ఓ కార్మికుడు చనిపోయాడు. అపరెంట్లీ, అజాగ్రత్త వల్ల జారిపడ్డాడని అందులో ఉంది. నాకు ఆ మాట మీద అనుమానం వచ్చింది. డిక్షనరీ తీశాను. అపరెంట్ అంటే స్పష్టమైన, అగుపడునట్టి అని ఉంది. ‘అజాగ్రత్త వల్లే జారిపడినట్లు స్పష్టమైంది’ అని రాసేశాను. దానికి తగ్గట్టే హెడ్డింగ్ కూడా పెట్టాను, ‘అజాగ్రత్తకు నిండుప్రాణం బలి’ అని. బాగుందనే అనుకున్నాను.

మూడో రోజు ఆఫీసుకి ఓ అమ్మాయి వచ్చింది. ఇంటర్ చదువుతున్నట్టుంది. నోట్‌బుక్కులో మడిచి పెట్టుకున్న పేపర్ ముక్క బయటికి తీసింది. నేను రాసిన వార్తే. ఏడవలేదు, అరవలేదు. ఒక్క మాట అడిగింది.

‘మా బాపు పడంగ ఎవరు చూసిండ్రు సార్?’

నా దగ్గర జవాబు లేదు. ‘ఎవ్వరు చూడలేదని అందరు జెప్పిండ్రు. గిండ్ల స్పష్టమైంది అని ఉన్నది. మావోళ్లందరు గిది సదివి, నీ బాపు సోయి లేక సచ్చిండట గదా అంటున్నరు’ అంది.

ఆ ఇంగ్లిష్ కాపీ మళ్లీ తీయించి చూశాను. సీనియర్‌ని అడిగాను. ఆయన తల పట్టుకుని ‘అపరెంట్లీ అంటే స్పష్టంగా అని కాదయ్యా... పైకి అలా కనబడుతోంది, చూసినవాళ్లు లేరు, విచారణలో తేలాలి అని!’ అన్నారు.

అవును. అపరెంట్ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఒకటి ‘బాగా కనిపించేది’. ఇంకోటి ‘పైకి అలా కనిపించేది’. నేటి వాడుకలో అపరెంట్లీకి ఎక్కువగా రెండో ముఖమే. విన్నాను, అనిపిస్తోంది, కానీ నేను పూచీ పడను అని దానర్థం. మన ‘అట’కు అసలైన వియ్యం ఇదే. పత్రికల భాషలో అయితే ‘తెలుస్తోంది’, ‘ప్రాథమికంగా భావిస్తున్నారు’. నేను ‘అట’ ఉండాల్సిన చోట ‘స్పష్టం’ పెట్టాను. ఎవరూ చూడనిదాన్ని చూసినట్టు రాశాను.

మర్నాడు సవరణ వేశాం. తప్పు నాలుగు కాలాల్లో వచ్చింది, సవరణ మూడు లైన్లలో వచ్చింది. ఫోన్ చేసి చెబితే ఆ అమ్మాయి అంది, ‘ముందుగల్లనే అట అని పెడితె అయిపోవు గద సార్.’

ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. తిట్టలేదు. ‘చూసినవా? ఇన్నవా? అనుకున్నవా?’ అన్నారు. ఆ రోజు మూడింటికీ ‘లేదు నాన్నా, డిక్షనరీలో చదివిన’ అనాల్సి వచ్చింది.

పూచీ పడేవి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ‘ఎలా తెలిసింది’ అనేవి. మిగిలినవి ‘ఎంత పూచీ పడుతున్నావు’ అనేవి.

సర్టెన్లీ... లాటిన్‌లో దీని మూలం జల్లెడ పట్టడం, వేరుచేయడం. అనుమానాలన్నీ జల్లించగా మిగిలినదన్నమాట. ‘కచ్చితంగా’ అనుకోండి. తెలిసి చెప్పే ధీమా ఉంటుంది. ఎవరైనా పని అడిగితే ‘తప్పకుండా’ అనడానికీ ఇది మర్యాదైన మాట.

డెఫినిట్లీ... హద్దు అనే మాట నుంచి వచ్చింది. గట్టు వేసిన పొలంలా అటూ ఇటూ జరగదు. మా వైపు ‘పక్కా’ అంటామే, అదే. సంస్కృతంలోని ‘పక్వం’ నుంచి వచ్చిన పక్కా అంటే పచ్చిగా లేనిది, పండినది. అన్నట్టు స్పెల్లింగ్ రాసేటప్పుడు చాలామంది డెఫినిట్లీలో ‘ఎ’ ఇరికిస్తారు. అందులో ‘ఎ’ ఎక్కడా లేదు. ‘ఐ’లు రెండు, ‘ఇ’లు రెండు, అంతే.

అన్‌డౌటెడ్లీ... డౌట్ వెనకున్నది ‘రెండు’ అనే మాట. మనమూ రెండు మనసులతో ఉన్నానంటాం కదా! రెండో మనసు లేదంటే నిస్సందేహంగా అని. తమాషా ఏమిటంటే ‘నో డౌట్’ అన్నప్పుడు మాత్రం చాలాసార్లు అంత గట్టిదనం ఉండదు. ‘నో డౌట్ హి ఈజ్ బిజీ’ అంటే ‘బిజీగానే ఉండి ఉంటాడులే’ అని. అనుమానం లేదంటూనే అనుమానానికి కాస్త చోటిచ్చే మాట.

చివరగా ష్యూర్లీ. అన్నింటికంటే గడుసుది ఇదే. చూడ్డానికి సర్టెన్లీకి కవలపిల్లలా ఉంటుంది. కానీ వాక్యం మొదట్లో నిలబడితే చాలాసార్లు నిశ్చయం కంటే ఆశ ఎక్కువ పలుకుతుంది. ఎదుటివాళ్లు ‘అవును’ అంటే బాగుండునని అడుగుతుంది. తెలుగులో అయితే చివర ఒక ‘కదా’ చేర్చినట్టు.

బొగ్గుబాయి ఇళ్లలో ఆ ‘కదా’ అందరికీ తెలుసు. షిఫ్టు అయిపోయే వేళ దాటినా మనిషి రాకపోతే అమ్మ గుమ్మంలో నిలబడేది. ‘బస్సు లేటయి ఉంటది, వస్తడు గద?’ అని పక్కింటావిడను అడిగేది. ఆమెకు తెలుసని కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. ఆ రోజు మా లైన్లో విన్న మాటలన్నీ ‘అట’లు, ‘కాబోలు’లు, ‘కదా’లే. ఎవరి నోటా ‘పక్కా’ అన్న మాట లేదు. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఒక మాట విలువ ఎంతో నాకు అప్పుడే తెలియాల్సింది. పేపర్ ముక్క పట్టుకుని ఓ అమ్మాయి వచ్చేదాకా తెలియలేదు.

పెద్దవాళ్లకూ చిక్కే

ఇది మన ఒక్కళ్ల ఇబ్బందే అనుకోకండి. 1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఒక నివేదిక తయారుచేసింది. యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశాన్ని ‘సీరియస్ పాజిబిలిటీ’గా చూడాలని అందులో రాశారు. షెర్మన్ కెంట్ అనే అధికారి ఆ తర్వాత తన బృందంలోని వాళ్లను పిలిచి, ఆ మాటతో నూటికి ఎంత అవకాశం ఉందని మీ ఉద్దేశం అని అడిగాడు. ఒకరు 20 అన్నారు. ఇంకొకరు 80 అన్నారు! అందరూ కలిసి ఒప్పుకుని రాసిన మాటే అది.

అందుకే ఇప్పుడు వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ తన నివేదికల్లో మాటలకు అంకెలు కట్టేసింది. ‘వెరీ లైక్లీ’ అంటే నూటికి 90కి తక్కువ కాకూడదు. ‘వర్చువల్లీ సర్టెన్’ అంటే 99కి తగ్గకూడదు. మనం ఇంట్లో అంకెలు కట్టక్కర్లేదు. మనకు ‘అట’ ఉంది, ‘కాబోలు’ ఉంది, ‘కదా’ ఉంది, ‘పక్కా’ ఉంది. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు కూడా ముందు వీటిలో ఏది అనాలనుకుంటున్నామో చూసుకుంటే చాలు, సరైన మాట దానంతటదే దొరుకుతుంది.

మీరూ ప్రయత్నించండి

పిల్లలతో కలిసి సరదాగా చేయండి. కింది అయిదింటికీ ఏ ఇంగ్లిష్ మాట సరిపోతుంది?

1. వాకిలంతా తడిగా ఉంది. రాత్రి వాన పడింది.
2. రేపు నల్లా రాదట, పక్కింటావిడ చెప్పింది.
3. ‘మా బిడ్డ పెండ్లికి రావాలె.’ ‘పక్కా వస్త!’
4. ఇంట్లో లైట్లు లేవు. పడుకున్నారు కాబోలు.
5. పరీక్ష బాగానే రాశావు, పాసవుతావు కదా?

జవాబులు: 1. ఎవిడెంట్లీ, 2. అపరెంట్లీ, 3. డెఫినిట్లీ, 4. ప్రిజ్యూమబ్లీ, 5. ష్యూర్లీ.

అయిదూ సరిపోయాయా? సంతోషం. రెండు తప్పినా బెంగ పడకండి. నేను తప్పింది ఒక్కటే, కానీ అచ్చులో తప్పాను.

గోదావరిఖని తమ్ముడూ, ఇక నీకో మాట. రేపు ఉద్యోగం వస్తుంది. నీ చేతికీ ఓ రిపోర్టు పుస్తకం ఇస్తారు. అందులో క్లియర్లీ రాయాలా, సర్టెన్లీ రాయాలా, అపరెంట్లీ రాయాలా అన్న సందేహం వస్తే డిక్షనరీ తర్వాత తీయి. ముందు మా నాన్న మూడు ప్రశ్నలు వేసుకో. చూసినవా? ఇన్నవా? అనుకున్నవా?

అన్నట్టు, ‘ఉద్యోగం వస్తుంది’ అన్నాను కదా. ఇది నేను చూసింది కాదు, విన్నదీ కాదు. ష్యూర్లీ అన్నానని అనుకో.